హైదరాబాద్‌లో ఖరీదైన కార్బన్ రేస్ సైకిల్ కొనాలంటే: ఏది వదలాలి, ఏది పట్టుకోవాలి

ఎనిమిది లక్షల సైకిల్ అనగానే ఇంట్లో మొదట వినిపించే మాట "దానికి కారొస్తుంది కదా" అని. వస్తుంది, కాదనను. దానికి జవాబు నేను మా ఇంట్లోనే చెప్పలేకపోయాను, మీకేం చెప్తాను. ఇది ఆ గొడవ దాటిన వాళ్ళ కోసం. డబ్బు పక్కన పెట్టుకుని, టార్మాక్, మడోన్, టీసీఆర్, సూపర్‌సిక్స్, సెర్వెలో అంటూ నాలుగైదు పేర్లు రాసుకుని, రాత్రి రెండింటి దాకా వీడియోలు చూసి కూడా తేల్చుకోలేని వాళ్ళ కోసం.

ఆ పేర్లలో చెడ్డ సైకిల్ ఒక్కటీ లేదు. ఏది కొన్నా మీ కాళ్ళకంటే వేగంగానే పోగలదు. అందుకే "ఏది బెస్ట్" అన్న ప్రశ్న పక్కన పెట్టండి. మన రోడ్డుకు ఏది ఆగుతుంది, మీ నడుముకు ఏది సరిపోతుంది, పాడైతే ఈ ఊళ్ళో ఎవరు విప్పగలరు అన్నవే అడగండి. ఈ మూడూ అడిగేసరికి లిస్టులో సగం పేర్లు వాటంతటవే పోతాయి.

మీ రోడ్లు కాగితం మీద రాయండి

గత నెలలో నిజంగా తొక్కిన దారులు రాయండి. తొక్కాలనుకున్నవి కాదు. మనలో చాలామంది లిస్టు ఒకేలా ఉంటుంది. వారం మధ్యలో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద ఉన్న సైకిల్ ట్రాక్. 2023 అక్టోబరు 1న మొదలైన ఈ ట్రాక్ మొత్తం 23 కిలోమీటర్లు: నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వైపు 8.5, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5. ఆదివారం గండిపేట, చిలుకూరు, మొయినాబాద్ లేదా శంకర్‌పల్లి. రెండు మూడు నెలలకోసారి గుంపుగా వికారాబాద్, అనంతగిరి.

ట్రాక్ మీద ఏ సైకిలైనా నున్నగా పోతుంది. ట్రాక్ దాకా చేరడమే కష్టం. ఔటర్ ప్రధాన రోడ్డు మీదికి సైకిళ్ళను రానివ్వరు కాబట్టి సర్వీసు రోడ్డే గతి. అక్కడ కంకర లారీలు రాల్చిన రాళ్ళు, ముందు హెచ్చరిక లేని స్పీడ్ బ్రేకర్లు, వానాకాలం తర్వాత తేలే గుంతలు. మొయినాబాద్ దాటి ఊళ్ళలోకి వెళ్తే పంట చేతికొచ్చే రోజుల్లో సగం రోడ్డు మీద మొక్కజొన్నలు ఆరబోసి ఉంటాయి. మీరు వెళ్ళాల్సింది మిగతా సగంలోంచి, ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తుండగా.

దీన్నిబట్టి మొదటి నియమం: ఫ్రేములో కనీసం 32 మిల్లీమీటర్ల టైరు పట్టకపోతే ఆ మోడల్ కొట్టేయండి. ఇప్పటి రేస్ సైకిళ్ళలో చాలావాటికి ఇది పడుతుంది. స్పెషలైజ్డ్ కంపెనీ టార్మాక్ ఎస్ఎల్8కి వాళ్ళు చెప్పే హద్దు సరిగ్గా 32. సెకండ్ హ్యాండ్‌లో తిరిగే పాత మోడళ్ళు, ముఖ్యంగా రిమ్ బ్రేకువి, 25 దగ్గరో 28 దగ్గరో ఆగిపోతాయి. మీ కాగితంలో సగానికి పైగా పల్లె రోడ్లే ఉంటే, నామోషీ అనుకోకుండా ఎండ్యూరెన్స్ రకం, అంటే దూరాలకు కాస్త నిటారుగా కూర్చుని తొక్కేవి కూడా చూడండి. ట్రెక్ డోమానేలో 38, స్పెషలైజ్డ్ రూబే కొత్త మోడల్లో 40 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. "అది పెద్దవాళ్ళ సైకిల్ కదా" అనే కుర్రాళ్ళను చాలామందిని చూశాను. శంకర్‌పల్లి దాటాక వాళ్ళే చేతులు విదిలించుకుంటూ ఆగుతారు.

ఒళ్ళు కొలుచుకోండి, పేరు తర్వాత

నా మొదటి కార్బన్ సైకిల్ 56 సైజు. నాకు కావాల్సింది 54. షాపులో 54 లేదు. 56 మీద మంచి తగ్గింపు ఇస్తామన్నారు, "స్టెమ్ చిన్నది వేస్తే సరిపోతుంది సార్" అన్నారు. స్టెమ్ అంటే హ్యాండిల్‌ని ముందు ఫోర్కుకు కలిపే ముక్క. ఆ సైకిల్‌కి హ్యాండిల్, స్టెమ్ కలిపి ఒకే ముక్కగా ఉన్నాయి. చిన్న స్టెమ్ అంటే మొత్తం హ్యాండిల్ కొత్తది కొనడమే. వచ్చిన తగ్గింపంతా దానికే పోయింది. అయినా అరవై కిలోమీటర్లు దాటితే మెడ పట్టేసేది. ఏడాదిన్నర ఓర్చుకుని సగం ధరకి అమ్మేశాను. తప్పు షాపుది ఎంతో, తగ్గింపు అనగానే తలూపిన నాది అంతే.

మీరు ఇలా చేయండి. చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, లావుపాటి పుస్తకం ఒకటి కాళ్ళ మధ్య పైకి గట్టిగా నొక్కి పట్టుకోండి, సీటు మీద కూర్చున్నట్టుగా. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా ఇంకొకరితో కొలిపించండి. ఆ కొలతను 0.883తో గుణిస్తే, పెడల్ అచ్చు (ఫ్రేము అడుగున క్రాంకులు తిరిగే ఇరుసు, బాటమ్ బ్రాకెట్) మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు సుమారుగా వస్తుంది. కొలత 80 సెంటీమీటర్లయితే సీటు 70.6 దగ్గర. ఇది మొదలు మాత్రమే, ఇక్కడి నుంచి కొద్దిగా అటూ ఇటూ జరుపుకోవాలి.

తర్వాత ప్రతి మోడల్ వెబ్‌సైటులో జామెట్రీ పట్టిక తెరిచి రెండే అంకెలు చూడండి: స్టాక్, రీచ్. పెడల్ అచ్చు నుంచి హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద ఉండే ఫ్రేము ముందు గొట్టం) పైభాగం ఎంత ఎత్తులో ఉందో స్టాక్ చెప్తుంది, ఎంత ముందుకు ఉందో రీచ్ చెప్తుంది. స్టాక్‌ని రీచ్‌తో భాగించండి. టార్మాక్ 54 సైజులో స్టాక్ 544, రీచ్ 384. అంటే 1.42. ఇది బాగా వంగి తొక్కే సైకిల్. 1.5 దాటితే నడుముకు సుఖం. 54, 56 అన్న సైజు నంబర్లను నమ్మొద్దు, ఒక కంపెనీ 54 ఇంకో కంపెనీకి 52 కావచ్చు.

రోజంతా గచ్చిబౌలిలో కంప్యూటర్ ముందు కూర్చుని, కిందికి వంగితే వేళ్ళు మోకాళ్ళ దగ్గరే ఆగిపోయే మనిషికి 1.42 సైకిల్ అమ్మితే అది రేస్ సైకిల్ కాదు, ఫిజియోథెరపిస్టుకి ఆదాయం. వీలైతే కొనకముందే బైక్ ఫిట్టింగ్ చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళి మీ స్టాక్, రీచ్ ఎంత ఉండాలో రాయించుకోండి. కొన్నాక చేయించుకునే ఫిట్టింగ్ తప్పు సైజును సరిచేయలేదు.

ఏరోనా, తేలికా?

పదేళ్ళ క్రితం ఈ ప్రశ్నకు అర్థం ఉండేది. అప్పట్లో గాలిని చీల్చేది ఒకటి, కొండలెక్కేది ఇంకొకటి. స్పెషలైజ్డ్ 2020లో టార్మాక్ ఎస్ఎల్7 తెచ్చి తన ఏరో సైకిల్ వెంజ్‌ని దాదాపు పక్కన పెట్టేసింది. ట్రెక్ 2024లో ఎమోండాని ఆపేసి కొత్త మడోన్‌లో కలిపింది. మిగతావాళ్ళలోనూ చాలామంది మధ్యకు జరిగారు. కాబట్టి దీని మీద ఎక్కువ నిద్ర చెడగొట్టుకోవద్దు. ఇంకా తేలకపోతే లెక్క వేసి చూడండి.

బరువు సంగతి. మీరు 70 కిలోలు, సైకిల్, సీసాలు, బట్టలు కలిపి ఇంకో 10 అనుకుందాం. ఒక కిలో తగ్గితే మొత్తం బరువులో 1.25 శాతం తగ్గినట్టు. నిటారుగా ఉన్న ఎక్కుడు ఇరవై నిమిషాలు ఎక్కితే మిగిలేది 15 సెకన్లు. మన చుట్టుపక్కల ఇరవై నిమిషాల ఎక్కుడు ఎక్కడుందో మీరే చెప్పండి. మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్‌కో, అరకు ఘాట్‌కో వెళ్తే ఆ పదిహేను సెకన్లు దొరుకుతాయి.

గాలి సంగతి. కంపెనీలు చెప్పే వాట్లన్నీ గంటకు 45 కిలోమీటర్ల దగ్గర కొలిచినవే ఎక్కువ. గాలిని తోయడానికి పట్టే శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. 45 దగ్గర 10 వాట్లు మిగిలిస్తే 30 దగ్గర మిగిలేది మూడు వాట్లు. అయితే నెమ్మదిగా పోయేవాడు రోడ్డు మీద ఎక్కువసేపు ఉంటాడు కాబట్టి గంటల లెక్కలో తేడా మరీ తీసిపారేసేది కాదు. పైగా గాలికి అడ్డుపడేదాంట్లో నాలుగింట మూడొంతులు మనిషి ఒళ్ళే. మోచేతులు వంచి పట్టుకోగలిగితే అదే పెద్ద ఏరో అప్‌గ్రేడ్, దానికి మళ్ళీ సైజు సరిగ్గా ఉండాలి.

మనకు దొరికేవి చదును రోడ్లు, ఎదురుగాలి. నా ఓటు కాస్త ఏరో వైపే. కాకపోతే రెండు సైకిళ్ళ మధ్య అర కిలో తేడా కనిపిస్తే దాన్ని ఓటు మార్చేంత విషయంగా చూడను. ఒక సరదా సంగతి: రేసుల్లో సైకిల్ 6.8 కిలోల కంటే తక్కువ ఉండకూడదని అంతర్జాతీయ సమాఖ్య యూసీఐ 2000లోనే గీత గీసింది. షోరూములో త్రాసు మీద 6.6 చూపించి మురిసిపోయే సైకిల్ అసలు రేసుకి బరువు కట్టుకుని వెళ్ళాలి.

ఒక మెట్టు కిందికి దిగండి

నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో డబ్బు మిగిలేది ఇక్కడే. ప్రతి కంపెనీ ఒకే ఆకారంలో రెండు మూడు రకాల కార్బన్‌తో ఫ్రేములు పోస్తుంది. టార్మాక్ ఎస్ఎల్8 తీసుకోండి. పై మెట్టు ఎస్-వర్క్స్ ఫ్రేము 685 గ్రాములు, దాని కింది మెట్టు 780. గాలిలో రెండూ ఒకటే, కొలతలు ఒకటే, ఎక్కేటప్పుడు తేడా 95 గ్రాములు. పైన లెక్క ప్రకారం ఇరవై నిమిషాల ఎక్కుడులో సెకనున్నర. ధరలో తేడా మాత్రం లక్షల్లో.

కింది రకం కార్బన్ అంటే నాసిరకం అని కాదు. కార్బన్ పోగులో బిగువు ఎక్కువయ్యే కొద్దీ అదే గట్టిదనానికి తక్కువ పోగు సరిపోతుంది, గోడ పల్చబడుతుంది, బరువు తగ్గుతుంది. జపాన్ కంపెనీ టోరే తయారుచేసే టీ700 పోగు బిగువు 230 గిగా పాస్కల్స్, ఎం40జే అనేది 377. కానీ బిగువు పెరిగిన పోగు దెబ్బకు పెళుసు. మన సర్వీసు రోడ్డు రాళ్ళకు, అపార్టుమెంటు లిఫ్టు తలుపుకు, స్కూటర్ పక్కన పార్కింగుకు కాస్త మందపు గోడే మంచిది. అయినా పోగు పేరు చూసి ఫ్రేముకు మార్కులు వేయొద్దు. ఏ పొరను ఏ దిక్కున, ఎన్ని వేశారన్నదే అసలు పనితనం, అది బ్రోచర్‌లో ఉండదు.

గేర్ల విషయం కూడా ఇంతే. గేర్లు చేసే షిమానో కంపెనీలో పై మెట్టు డ్యూరా-ఏస్‌కీ, దాని కింది అల్టెగ్రాకీ మధ్య బరువు తేడా మూడు వందల గ్రాముల లోపు, గేరు మారే తీరులో కళ్ళు మూసుకుని చెప్పగలిగేవాళ్ళు తక్కువ. రెండింటి 12 స్పీడ్ రకాలూ బ్యాటరీతో నడిచేవే. ఇంకో మెట్టు కింద, అలాగే బ్యాటరీతో నడిచే 105 డీఐ2 కూడా 2022 నుంచి ఉంది, అదీ చాలు. ఇంకో గేర్ల కంపెనీ స్రామ్ అయితే పై మెట్టు రెడ్ వదిలి, దాని కింది ఫోర్స్ చూడండి. స్రామ్‌లో ప్రతి డిరైలర్‌కి (చెయిన్‌ని ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) విడి బ్యాటరీ, ఊడదీసి చార్జింగ్ పెట్టుకోవచ్చు. షిమానోలో ఫ్రేము లోపల ఒకటే బ్యాటరీ, సైకిల్‌నే ప్లగ్ దగ్గరికి తేవాలి. ముందు పళ్ళచక్రాల్లో పళ్ళు 50-34, వెనక 11-34 ఉండేలా అడగండి. 54-40 పెట్టుకుని అనంతగిరి దారిలో మోకాలు పట్టుకున్నవాళ్ళను చూశాను. గేర్ల గురించి ఇంతకంటే ఆలోచించాల్సింది లేదు.

మెకానిక్‌కి ముందే ఫోన్ చేయండి

కొనేముందు ఎవరూ చేయని పని ఇదే. లిస్టులో రెండు పేర్లు మిగిలాక, అమ్మే షాపుకి కాదు, ఊళ్ళో సైకిళ్ళు విప్పే మెకానిక్‌కి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి.

ఈ మోడల్ డిరైలర్ హ్యాంగర్ మీ దగ్గర ఉందా? సైకిల్ కుడివైపు పడితే మొదట వంగే ముక్క అది, ఫ్రేమును కాపాడడానికే పెట్టింది. చాలా మోడళ్ళకు ఎవరిది వాళ్ళకే. అది దొరక్క సీజన్ మధ్యలో సైకిల్ నెల రోజులు గోడకు ఆనుకుని నిలబడిన సందర్భాలున్నాయి. స్రామ్ 2019లో తెచ్చిన యూనివర్సల్ హ్యాంగర్ ఇప్పుడు కొన్ని రోడ్డు సైకిళ్ళకూ వస్తోంది, మీ మోడల్‌కి ఉంటే అదృష్టం. లేకపోతే సైకిల్‌తో పాటే రెండు హ్యాంగర్లు కొనండి.

హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగేచోటు) పై బేరింగ్ మార్చడానికి ఎంత? ఇప్పటి సైకిళ్ళలో బ్రేకు గొట్టాలు హ్యాండిల్ లోంచి నేరుగా ఆ బేరింగ్ మధ్యలోంచి ఫ్రేములోకి దిగుతాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మన వానకీ, ఇంట్లో ట్రైనర్ మీద తొక్కితే కారే చెమటకీ బేరింగ్ తుప్పు పడితే మాత్రం చిన్న ఇనుప రింగు కోసం గొట్టాలు విప్పి, ఆయిల్ మళ్ళీ ఎక్కించాలి. మెకానిక్ ధర చెప్పేముందు నిట్టూరిస్తే ఆ నిట్టూర్పును కూడా లెక్కలో వేసుకోండి. ఆయిల్ అంటే గుర్తొచ్చింది, షిమానోకి మినరల్ ఆయిల్, స్రామ్ రోడ్డు బ్రేకులకు డాట్ ఆయిల్. ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే సీళ్ళు పాడైపోతాయి. పోసేముందు సీసా చూపించమనండి, మొహమాటం వద్దు.

మూడోది పెడల్ అచ్చు బేరింగ్. మర బిగించేదా, నొక్కి కూర్చోబెట్టేదా? నొక్కి కూర్చోబెట్టే ప్రెస్ ఫిట్‌లో దుమ్ము చేరితే తొక్కినప్పుడల్లా కిర్రుమంటుంది. టార్మాక్‌లో పాత పద్ధతి మరలే, ట్రెక్‌లో టీ47 అనే పెద్ద మర. బాగా చేసిన ప్రెస్ ఫిట్ కూడా ఏళ్ళ తరబడి నోరెత్తదు, కాబట్టి దీని ఒక్కదాని కోసం నచ్చిన సైకిల్ వదలక్కర్లేదు. రెండూ సమానంగా తూగితే మాత్రం మరవైపు మొగ్గండి.

చక్రాలు, టైర్లు

కింది మెట్టు దిగడం వల్ల మిగిలిన డబ్బు ఇక్కడ పెట్టండి. 45 నుంచి 50 మిల్లీమీటర్ల లోతు కార్బన్ చక్రాలు మన చదును రోడ్లకు బాగుంటాయి. ఇంకా లోతైనవి లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు హ్యాండిల్ లాగేస్తాయి, తేలికగా ఉండేవాళ్ళు 40 దగ్గరే ఆగండి.

రిమ్ము అంచుకు లోపల కొక్కెం ఉందో లేదో తప్పకుండా అడగండి. కొక్కెం లేని హుక్‌లెస్ రిమ్ముల్లో గాలి 72.5 పీఎస్ఐ దాటకూడదు, అందులోకి అనుమతించిన ట్యూబ్‌లెస్ టైర్లే వేయాలి. బండి పంక్చర్ల షాపులో కంప్రెసర్ పెట్టి "వంద కొట్టనా అన్నా" అనే ఊళ్ళో ఇది చిన్న విషయం కాదు. బరువైన మనిషికి 28 టైరులో ఆ గాలి సరిపోదు, 30 గానీ 32 గానీ వేసుకోవాలి. నేనైతే కొక్కెం ఉన్నదే కొంటాను. ట్యూబ్‌లెస్ వేస్తే లోపల పోసే, పంక్చర్ పూడ్చే సీలెంట్ మన ఎండలకు త్వరగా ఆరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో రెండు నెలలకోసారి చూసుకోండి.

బేరం, బిల్లు, అమెరికా బావ

షోరూము ధర ఎందుకంత అని అడిగే హక్కు మీకుంది. 2023 బడ్జెట్‌లో సైకిళ్ళ దిగుమతి సుంకం 30 నుంచి 35 శాతానికి పెరిగింది. ఆ తర్వాత 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత స్టాకు మీద పాత ధరే చెప్తుంటే బిల్లులో పన్ను వరుస చూడండి. కొత్త మోడల్ వచ్చిన ఏడాదిలో పాత మోడల్ మీద బేరం బాగా కుదురుతుంది, సైజు మీదే అయితేనే.

అమెరికాలో ఉన్న బావ సెలవులకు వస్తూ తెస్తానంటాడు. తేనివ్వండి, కానీ విమానాశ్రయంలో సుంకం లెక్క ముందే వేసుకోండి, వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కంపెనీకి రాసి అడగండి. చాలా కంపెనీల జీవితకాల వారంటీ మొదటి యజమానికి మాత్రమే. బిల్లు బావ పేరున ఉంటే యజమాని బావే. పడిపోవడం వల్ల వచ్చిన పగుళ్ళకు వారంటీ ఎవరూ ఇవ్వరు. కొన్ని కంపెనీలు అలాంటప్పుడు కొత్త ఫ్రేము తగ్గింపు ధరకు ఇస్తాయి, అది ఉందో లేదో కొనేముందే అడిగి ఉంచుకోండి.

సెకండ్ హ్యాండ్ చూస్తుంటే టార్చి తీసుకుని పగటిపూట వెళ్ళండి. హెడ్ ట్యూబ్ వెనక, పెడల్ అచ్చు కింద, చెయిన్ పక్క గొట్టం లోపలివైపు వేలితో తడుముతూ చూడండి. రూపాయి బిళ్ళతో మెల్లగా తడితే బాగున్నచోట కణకణమంటుంది, లోపల పొర ఊడినచోట మొద్దుగా మోగుతుంది. ఒకే గొట్టం మీద పక్కపక్కన తట్టి పోల్చాలి, వేర్వేరు చోట్ల గోడ మందం వేరు కాబట్టి శబ్దం ఎలాగూ మారుతుంది. మధ్యలో కొత్త రంగు, కొత్త స్టిక్కర్ కనిపిస్తే ఎందుకో అడగండి. ధర నమ్మలేనంత తక్కువగా ఉంటే సీరియల్ నంబరు కంపెనీకి పంపి సరిచూసుకోండి, పేరున్న ఇటలీ ఫ్రేములకు నకళ్ళు చాలా తిరుగుతున్నాయి.

తొక్కి చూడటం

షాపు ముందు సందులో వంద గజాలు తొక్కితే తెలిసేది రంగు ఒక్కటే. కనీసం గంట అడగండి. ఇవ్వకపోతే అదే సైజు, అదే మోడల్ ఉన్నవాళ్ళను ఆదివారం గండిపేట దగ్గర చాయ్ తాగేచోట పట్టుకోండి. సైకిల్ గురించి అడిగితే కాదనే సైక్లిస్టు ఇంకా పుట్టలేదు, ఆపడమే కష్టం. తొక్కేటప్పుడు టైర్లలో మీ బరువుకు తగ్గ గాలి ఉందో చూసుకోండి. వంద పీఎస్ఐ కొట్టిన సైకిల్ ఏదైనా రాయిలాగే ఉంటుంది, దానికి ఫ్రేమును తిట్టి లాభం లేదు. స్పీడ్ బ్రేకర్ మీద, గరుకు రోడ్డు మీద, చేతులు హ్యాండిల్ కింది వంపుల్లో (డ్రాప్స్) పెట్టి పది నిమిషాలు తొక్కండి. ఆ పది నిమిషాల్లో మెడ గుర్తుకొస్తే ఆ సైకిల్ మీది కాదు.

డబ్బు కట్టే రోజున టార్క్ రెంచ్ కూడా కొనండి. స్టెమ్, సీటు పోస్టు బోల్టుల మీద చిన్న అక్షరాలతో 5 న్యూటన్ మీటర్లనో అలాంటిదో రాసి ఉంటుంది, చేతి అంచనాతో బిగిస్తే కార్బన్ చిట్లుతుంది. సీటు పోస్టుకి గ్రీజు కాదు, కార్బన్ పేస్టు రాయాలి. ఇంకో మాట, ఇంత ఖరీదైన సైకిల్‌తో పెడల్స్ రావు. షాపువాళ్ళు ఇది ఆఖరి నిమిషంలోనే చెప్తారు. ఇంట్లో పాత పెడల్స్ ఉంటే విప్పి సంచిలో వేసుకు వెళ్ళండి, లేకపోతే ఎనిమిది లక్షల సైకిల్‌ని ఆటోలో తెచ్చుకోవాల్సి వస్తుంది.